డాషండ్ పిల్ల కావాలంటే కావలి బాబాయ్ దగ్గరికే వెళ్లండి

నెల్లూరు చుట్టుపక్కల డాషండ్ జాతి కుక్కపిల్ల కోసం ఎవరడిగినా నేను పంపేది ఒక్క ఇంటికే. కావలి ఊరి చివర సొంతింట్లో రెండు ఆడకుక్కల్నీ ఒక మగకుక్కనీ పెట్టుకుని, ఏడాదికి ఒక్క ఈత మాత్రమే తీసే పెద్దాయన ఉన్నారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. పేరు, నంబరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మేమంతా బాబాయ్ అనే పిలుస్తాం. అయిదుకి నాలుగున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ అర ఎక్కడ తగ్గిందో కూడా చెప్తాను.

అల్లూరులో మా అమ్మమ్మ వాళ్లింట్లో ఈ జాతి కుక్క ఉండేది. దాని వెంట పెరిగినదాన్ని కాబట్టి ఏం చూడాలో నాకు తెలుసు. అమ్మకి తోడుగా ఒకటి తెద్దామని మొదట నెల్లూరులోనే ఒక పెట్ షాపుకి వెళ్లాను. పిల్లలు నిలబడితే పొట్టలు నేలకి తగులుతున్నాయి. నడుము చూస్తే సాగదీసినట్టుంది. "ఎంత పొడుగుంటే అంత ఒరిజినల్ మేడమ్" అన్నాడు అమ్మే కుర్రాడు. తల్లి ఎక్కడుందంటే బెంగళూరు అన్నాడు, తండ్రి సంగతి అడిగితే మాట మార్చేశాడు. నేను బయటికి వచ్చేశాను.

పొట్టి కాళ్లు, పొడుగు ఒళ్లు ఉంటే చాలు డాషండే అనుకుంటే చాలా పొరపాటు. జర్మనీలో నేల బొరియల్లోకి దూరి, అక్కడ ఉండే బ్యాడ్జర్ అనే జంతువుని ఎదుర్కోవడానికి పెంచిన వేటకుక్క ఇది. దాని ఒంట్లో ప్రతిదీ ఆ పనికోసం వచ్చిందే. కుక్కల జాతుల అంతర్జాతీయ సమాఖ్య రాసిన ప్రమాణంలో లెక్క స్పష్టంగా ఉంది. భుజం దగ్గరి ఎత్తుకి ఒంటి పొడవు 1.7 నుంచి 1.8 రెట్లు ఉండాలి, అంతకు మించి సాగకూడదు. ఛాతీకి నేలకి మధ్య ఆ ఎత్తులో మూడోవంతు ఖాళీ ఉండాలి. పొట్ట ఈడ్చుకుంటూ నడిచే కుక్క బొరియలో ఏం పరిగెడుతుంది?

బాబాయ్ ఇంట్లో నేను అడగకముందే ఆయన తల్లికుక్కని పెరట్లో చప్టా మీద నిలబెట్టారు. దాని ఛాతీ కింద పిడికిలి పెట్టి చూపించారు. పిడికిలి హాయిగా పట్టింది. "ఇక్కడ చెయ్యి పెట్టి చూడమ్మా" అని నా చెయ్యి పట్టుకుని రొమ్ము ఎముక మీద పెట్టారు. ముందుకి పొడుచుకొచ్చి, రెండు పక్కలా చిన్న గుంటలతో, పడవ ముందుభాగంలా ఉంది. పక్కటెముకలు వెనక్కి బాగా పొడుగ్గా వెళ్లాయి. గుండెకీ ఊపిరితిత్తులకీ చోటు కావాలి కదా. ముందు పాదాలు వెడల్పుగా, వేళ్లు దగ్గరగా బిగిసి, గోళ్లు గట్టిగా ఉన్నాయి. మూతి పొడుగే కానీ సూదిలా లేదు. పళ్లు కత్తెరలా కలుస్తున్నాయి. చెవులు పైన మొదలై, గుండ్రటి అంచుతో బుగ్గలకి ఆనుకుని వేలాడుతున్నాయి. కళ్లు ముదురు గోధుమరంగు. తండ్రి కుక్కకి ఛాతీ మీద కాస్త తెల్లమచ్చ ఉంది. దాన్ని దాచకుండా తనే చూపించారు.

"మినీనా బాబాయ్?" అని, అంటే చిన్న సైజు రకమా అని అడిగాను. ఈ మాట మీద మోసాలు చాలా జరుగుతుంటాయి కాబట్టి ఆయన ఏమంటారో చూడాలనిపించింది. "ఇప్పుడెట్టా చెప్తామ్మా? పదిహేను నెలలు నిండాక ఛాతీకి టేపు చుట్టి చెప్పాల" అన్నారు. నిజం అదే. ఈ జాతిలో సైజు తేల్చేది ఎత్తు కాదు, ఛాతీ చుట్టుకొలత. మగదానికి 37 నుంచి 47 సెంటీమీటర్లయితే స్టాండర్డ్, 32 నుంచి 37 అయితే మినియేచర్. అంతకంటే చిన్నది, కుందేళ్ల బొరియల్లోకి దూరేది ఇంకో రకం ఉంది. ఆడవాటికి రెండేసి సెంటీమీటర్లు తగ్గుతాయి. నెలన్నర పిల్లని ఎత్తిపట్టి మినీ అని అదనంగా డబ్బు అడిగేవాడు ఎవడైనా సరే, అబద్ధం చెప్తున్నట్టే.

ఈ జాతికి పెద్ద గండం వెన్ను. కాళ్లని పొట్టిగా చేసే జన్యు మార్పుల్లో ఒకటి వెన్నుపూసల మధ్య డిస్కుల్ని కూడా చిన్న వయసులోనే గట్టిపరుస్తుందని 2017లో శాస్త్రవేత్తలు తేల్చారు. డిస్కు జారి వెన్నుపాముని నొక్కితే వెనక కాళ్లు పడిపోతాయి. అందుకే నడుము ఇంకా పొడుగు చేద్దామనుకునేవాళ్లంటే నాకు కోపం. బాబాయ్ ఇంటికి మెట్లే లేవు, గుమ్మం దగ్గర చెక్కతో చిన్న వాలు కట్టించారు. మంచాలెక్కనివ్వరు. పిల్లని ఎత్తుకోవడం కూడా నేర్పించాకే చేతికిచ్చారు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనకభాగం కింద, నడుము అడ్డంగా సమానంగా ఉండాలి. చంకల్లో పట్టుకుని లేపబోయిన మా తమ్ముణ్ని గట్టిగానే అరిచారు. "మేడ మీద ఇల్లయితే ఇవ్వను తల్లీ" అని ముందే తేల్చి చెప్పారు. వేదాయపాళెంలో మాది కింది వాటా కాబట్టి సరిపోయింది.

రంగుల విషయంలోనూ ఆయనకి నియమముంది. మచ్చల మచ్చల డాపుల్ పిల్లలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ధరా ఎక్కువ పలుకుతుంది. కానీ డాపుల్‌ని డాపుల్‌తో కలిపితే పుట్టే పిల్లల్లో కొన్నిటికి చూపూ వినికిడీ దెబ్బతింటాయి. అందుకే ఆ రంగు తన ఇంట్లోకే రానివ్వలేదట. ఆయన దగ్గర ఎరుపూ, నలుపు మీద గోధుమ మచ్చలున్నవీ మాత్రమే, అవీ నున్నటి పొట్టి బొచ్చువి. పొడుగు బొచ్చువీ, గరుకు బొచ్చువీ కూడా ఈ జాతిలో ఉన్నాయి కానీ, రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండకి నున్నటి బొచ్చే నయం. పిడుదులు కూడా చేతికి తొందరగా దొరుకుతాయి.

ఇక గుణం. నేను ఆ ఇంటిని మెచ్చుకోవడానికి అసలు కారణం ఇదే. ప్రమాణంలో ఈ కుక్క స్నేహంగా ఉండాలి, బెదరకూడదు, కరవడానికి మీదపడకూడదు, నిలకడగా ఉండాలి అని రాసి ఉంటుంది. మన దగ్గర మాత్రం డాషండ్ అంటే కరిచే కుక్క అనే పేరొచ్చింది. పిరికి తల్లుల పిల్లల్ని నెల తిరక్కుండానే విడదీసి అమ్మడం వల్లే ఆ పేరొచ్చిందని నా అభిప్రాయం. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. బాబాయ్ ఆ నమోదు కాగితం చూపించారు. ఎనిమిది వారాలు నిండాక కూడా ఇంకొన్నాళ్లు తల్లి దగ్గరే ఉంచి పిల్లల్ని ఇస్తారు.

మేము గేటు తీయగానే తల్లికుక్క అరిచింది. పొట్టి కుక్కకి ఆ గొంతేంటని తమ్ముడు ఆశ్చర్యపోయాడు. బొరియ లోపల్నుంచి అరిస్తే పైనున్న వేటగాడికి వినపడాలి, అందుకే ఈ జాతికి అంత లోతైన గొంతు. బాబాయ్ "చాల్లే" అనగానే ఆపేసి వచ్చి మా చెప్పులు వాసన చూసింది. తన పిల్లల్ని నేను ఎత్తుకుంటే పక్కన కూర్చుని చూసింది, పళ్లు చూపించలేదు. అప్పుడే నాకు సగం నమ్మకం కుదిరింది.

తర్వాత ఆయన ఒక స్టీలు గ్లాసు చప్టా మీద పడేశారు. ఒక పిల్ల మంచం కిందికి దూరి ఇక బయటికి రాలేదు. ఇంకోటి అరుస్తూనే ఉంది. మూడోది ఉలిక్కిపడి వెనక్కి తగ్గి, కాసేపటికి మెల్లగా వచ్చి గ్లాసుని మూతితో నెట్టింది. "మీ అమ్మకి ఇది సరిపోద్ది" అన్నారు. దాక్కున్నదాన్ని ఎవరికీ ఇవ్వరట, తనే పెంచుకుంటారట.

ఆయన మాట తప్పలేదు. పిల్ల మా ఇంట్లో బాగా కుదురుకుంది. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయిని చూసి అరుస్తుంది, అమ్మ తలుపు తీసి మాట్లాడగానే ఊరుకుంటుంది. పక్కింటి చంటిది చెవులు లాగినా లేచి పక్కకి వెళ్తుందే తప్ప నోరు పెట్టదు. మొండితనం మాత్రం ఉంది. చీకటి బొరియలో ఎవరూ చెప్పకుండా తనంతట తనే నిర్ణయం తీసుకోవాల్సిన కుక్క కదా, మనం పిలిచిన ప్రతిసారీ వచ్చి తీరుతుందని ఆశపడకూడదు. కొడితే అసలు వినదు. ఉడికించిన కోడిమాంసం ముక్క చూపించి ఓపిగ్గా నేర్పాలి. తవ్వకం కూడా దీని రక్తంలోనే ఉంది. మా పెరట్లో పందికొక్కు బొక్క కనిపెట్టి, మల్లెపాదు సగం పైకి తీసింది. అమ్మకి మల్లెపాదంటే ప్రాణం, అయినా కుక్కని ఏమీ అనలేదు. ఇప్పుడు పాదు చుట్టూ ఇటుకలు పేర్చాం.

తిండి ఎంత పెట్టాలో బాబాయ్ కాగితం మీద రాసిచ్చారు. అన్నం తక్కువ, మాంసం, గుమ్మడికాయ ఎక్కువ, ఉల్లిపాయ పడిన కూరలు అస్సలు వద్దు. బరువు పెరిగితే మొదట దెబ్బతినేది నడుమేనని ఎర్రసిరాతో గీత గీసి మరీ రాశారు. టీకా కార్డు, నులిపురుగుల మందు వేసిన తేదీలు, పిల్ల ఒంట్లో వేయించిన మైక్రోచిప్ నంబరు, కెన్నెల్ క్లబ్ ఇచ్చే జాతి నమోదు కాగితాలు అన్నీ ఒకే కవర్లో పెట్టిచ్చారు. పెంచలేని పరిస్థితి వస్తే ఏ వయసులోనైనా తనకే తిరిగివ్వాలని, ఇంకెవరికీ అమ్మకూడదని సంతకం తీసుకున్నారు.

అర నక్షత్రం తగ్గించింది రెండు విషయాలకి. ఆయన ఫోను ఎత్తరు. ఎత్తినా వివరం చెప్పరు, "రండి, చూడండి" అంటారు. దూరం నుంచి వచ్చేవాళ్లకి అది ఇబ్బంది. రెండోది, ఏ పిల్లని ఇవ్వాలో ఆయనే తేలుస్తారు. ఎర్రదే కావాలని పట్టుబట్టిన ఒంగోలు దంపతుల్ని నా కళ్లముందే ఒట్టి చేతులతో పంపేశారు. నాకది నచ్చింది కానీ, అందరికీ నచ్చదు. ఇరవై రెండు వేలు తీసుకున్నారు, బేరం లేదు. షాపులో చెప్పిన ధర కంటే ఎక్కువే. తల్లినీ తండ్రినీ కళ్లారా చూశాక నాకు ఎక్కువ అనిపించలేదు.

వచ్చే ఈత సంక్రాంతి దాటాకే ఉంటుందట. ఇప్పుడు వెళ్తే పుస్తకంలో పేరు రాసుకుంటారు, అడ్వాన్సు తీసుకోరు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని కూడా వెంట తీసుకెళ్లండి, ఆయన మాట్లాడేది ఎక్కువగా వాళ్లతోనే.