కరివేపాకు కోసం కొన్న 100 వాట్ల గ్రో లైట్ ఎలా ఉందంటే

మిచిగాన్ చలికాలంలో కరివేపాకు మొక్క పచ్చగా నిలవాలంటే కిటికీ వెలుతురు సరిపోదు. డిసెంబరు చివర్లో ఇక్కడ పగలు తొమ్మిది గంటలే, అందులోనూ ఎక్కువ రోజులు మబ్బు. అక్టోబరులో కుండీ లోపలికి తెస్తే సంక్రాంతి నాటికి పుల్లలు మిగులుతాయి. అందుకే ఎండకు బదులు మొక్కలకు వెలుగిచ్చే గ్రో లైటుగా, పైనుంచి వేలాడదీసే ఈ తెల్లకాంతి ఎల్‌ఈడీ ప్యానెల్ తీసుకున్నాను. ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడు లేదు. హాల్లో పెట్టినా ఇబ్బంది ఉండదు.

దీనికి పెట్టిన డబ్బు రెండింటి వల్ల గిట్టుబాటైంది: ఎత్తు మార్చుకునే తాళ్లు, వెలుగు తగ్గించే డిమ్మర్. తాడు లాగితే ప్యానెల్ పైకి పోతుంది, చిన్న మీట నొక్కితే కిందికి దిగుతుంది, ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. చిగురు పెరిగే కొద్దీ లైటు జరపక తప్పదు కాబట్టి ఇది చాలా అవసరం.

మా వాళ్లంతా "అక్కా, ఎంత ఎత్తులో పెట్టాలి?" అని అడుగుతారు. ఒక్కటే కుండీ అయితే 18 అంగుళాల ఎత్తులో ఉంచి డిమ్మర్ సగానికి తగ్గించండి, కరెంటు కలిసొస్తుంది. నాలాగా కరివేపాకు, తులసి, పుదీనా అన్నీ ఒకే లైటు కింద పెడితే 24 అంగుళాలకు ఎత్తి వెలుగు కాస్త పెంచండి. కిందికి దించితే నడిమి మొక్కకు వెలుగు ఎక్కువైపోతుంది, మూలల్లో ఉన్నవాటికి అందదు. ఈ ఎత్తు కుండీ నుంచి కాదు, పై చిగురు నుంచి కొలవాలి. తులసి పొట్టిది కాబట్టి దాన్ని పీట మీద ఎక్కించాను. వెలుగు తక్కువైనా ఓర్చుకునే పుదీనాను మూలకు జరిపాను.

ఫోన్‌లో లక్స్ (వెలుగు ఎంత పడుతోందో చెప్పే కొలత) చూపించే యాప్ వేసుకుని, ఫోన్‌ను చిగురు పక్కన వెల్లకిలా పట్టుకోండి. ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది, కానీ అదే ఫోన్‌తో చూస్తే హెచ్చుతగ్గులు తెలుస్తాయి. మా ఇంట్లో 15 నుంచి 20 వేల లక్స్ మధ్య, రోజుకు 14 గంటలు టైమర్ పెడితే జనవరిలో కూడా చిగురు వేసింది. తెల్ల ఎల్‌ఈడీకి 15 వేల లక్స్ అంటే సుమారు 200 మైక్రోమోల్స్ (మొక్క వాడుకోగల వెలుగు చదరపు మీటరుకు సెకనుకు ఎంత పడుతోందో చెప్పే కొలత). గ్రో లైట్ల డబ్బాల మీద ఉండేది ఈ లెక్కే.

అంకెల కన్నా ఆకు మాట వినండి. కణుపుల మధ్య దూరం పెరిగి కొమ్మ సాగుతుంటే వెలుగు చాలలేదు. పై ఆకులు మాత్రమే తెల్లబారి, అంచులు ముడుచుకుంటుంటే ఎక్కువైంది. అప్పుడు ముందు డిమ్మర్ తగ్గించి వారం చూడండి. ఎత్తూ వెలుగూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

లోపాలూ ఉన్నాయి. డిమ్మర్ మీద అంకెలు లేవు. మార్కర్‌తో నేనే గీతలు పెట్టుకున్నాను. దాంతో వచ్చిన కాగితంలో నారుకు ఇంత, పూతకు ఇంత అని కొలతలు ఇచ్చారు కానీ, కరివేపాకులా ఏళ్ల తరబడి ఉండే చెట్టు ఊసే లేదు. ఇంత ధర పెట్టి అమ్మేవాళ్లు టైమర్ కూడా ఇచ్చి ఉండాల్సింది, దాన్ని విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది.

కరెంటు ఖర్చుకు టెన్షన్ పడక్కర్లేదు. పూర్తి వెలుగుతో 14 గంటలైతే నెలకు 42 యూనిట్లు, సగానికి తగ్గిస్తే దాదాపు 21.

ఒక్క చిన్న తులసి కుండీ కోసమైతే ఇది అనవసరం, క్లిప్పుతో బిగించే చిన్న లైటు చాలు. మూడడుగుల కరివేపాకు మొక్క ఉన్నవాళ్లు మాత్రం డిమ్మర్ లేనిది చవగ్గా దొరికినా తీసుకోకండి. మే నెలాఖరులో మొక్క బయటపెట్టేటప్పుడు మొదటి వారం నీడలోనే ఉంచండి. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ ఉంటుంది, లోపల పెరిగిన లేత ఆకు మాడిపోతుంది.