రెండేళ్ళు వాడిన డోర్‌బెల్ కెమెరా, ఎదురింటి అరుగు

పిక్చర్, నైట్ విజన్ గురించి అందరూ రాసేశారు, నేను మైక్ గురించే రాస్తాను. మాది శ్రీకాకుళం, అరసవల్లి రోడ్డు పక్క సందు. అమ్మ ఒక్కర్తే ఉంటాది, నాకు వైజాగ్‌లో ఉద్యోగం, అందుకే పెట్టించాను. పెట్టిన కొత్తలో సందులో అందరికీ కొనుక్కోండని చెప్పింది కూడా నేనే, మూడు ఇళ్ళవాళ్ళు కొన్నారు.

పోయిన వేసంగిలో ఒక మధ్యాహ్నం నోటిఫికేషన్ వస్తే కొరియర్ అనుకుని తెరిచాను. గేటు దగ్గర ఎవరూ లేరు, ఎదురింటి పిన్ని అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తా ఫోన్లో కూతురితో మాట్లాడతంది. సందు పన్నెండడుగులు కూడా ఉండదు, పిక్కలు పళ్ళెంలో పడతన్న చప్పుడు కూడా వినబడింది. ఆవిడ ఏడుస్తా చెప్పిన సంగతి ఇక్కడ రాయను, ఇంట్లో బాబాయికి కూడా చెప్పని మాట అది. ఆ యాప్ నా ఫోన్లో, అమ్మ ఫోన్లో, బెంగుళూరులో అన్నయ్యా వదినల ఫోన్లలో కూడా ఉంది, వీడియో ముప్పై రోజులు కంపెనీ క్లౌడ్‌లో ఉంటాది.

ఆదివారం ఇంటికెళ్ళి పిన్నికి చెప్పేశాను, చూపించాను. ఆవిడ ఒకటే అడిగింది, "బాబూ, ఇది ఎవలెవలు విన్నారు?" అని. నాలుగు ఫోన్ల పేర్లు చెప్పగలను, కంపెనీలో ఎవరు వింటారో నేనేం చెప్పను? అమెరికాలో ఇలాంటి డోర్‌బెల్ కెమెరాలే చేసే రింగ్ కంపెనీ ఉద్యోగి ఒకడు 2017లో ఆడవాళ్ళ వీడియోలు వేలకొద్దీ చూశాడని అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు పెడితే 2023లో 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. నాది వేరే కంపెనీయే, కానీ వీడియో వెళ్ళేది ఇక్కడా క్లౌడ్‌లోకే కదా.

అప్పట్నుంచి మిగతా మూడు ఇళ్ళ చుట్టూ తిరిగాను. "తప్పు చేయనోళ్ళకి భయమేటి" అన్నారు. పిన్ని ఏం తప్పు చేసింది? ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పిందన్నా, 2023 డేటా చట్టం సొంత ఇంటి అవసరానికి వాడుకునే వాళ్ళకి వర్తించదు కాబట్టి మనమే చూసుకోవాలన్నా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒకాయనతో "మీ కెమెరాలో నిన్న సాయంత్రం రికార్డయిన వీడియో ఏదో ఒకటి మీరే పెట్టండి మావయ్యా" అన్నాను, అందులో వాళ్ళావిడ కూరల మనిషితో వాళ్ళమ్మాయి సంబంధం ఎందుకు తప్పిందో మొత్తం చెప్తంది, ఆయన సగంలోనే ఫోన్ బోర్లించేసి మైక్ ఎక్కడ ఆపాలి అన్నాడు. ఇంకో ఇంట్లో కూడా అలాగే ఒప్పుకున్నారు. మూడో ఇంట్లో అంతకుముందు దొంగతనం జరిగింది, వాళ్ళని గట్టిగా అడగలేకపోయాను.

నేనైతే ఆడియో ఆపేశాను, వీడియోలో కొంత భాగం కనబడకుండా చేసే ప్రైవసీ జోన్ సెట్టింగ్‌తో పిన్ని అరుగంతా నల్లగా కప్పేశాను, కెమెరా కింద చెక్కముక్క పెట్టి మా గేటు వరకే వంచాను. ఆడియో ఆపితే నా మోడల్‌లో కొరియర్ వాళ్ళతో మాట్లాడటం కూడా పోయింది, ఒకసారి అప్‌డేట్ అయ్యాక ఆడియో దానంతటదే ఆన్ అయిపోయింది కూడా, అందుకని అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ చూసుకోవాలి. పిన్ని మళ్ళీ అరుగు మీద కూర్చుంటంది గానీ ఫోన్ మోగితే లేచి లోపలికెళ్ళిపోతంది.

అప్పట్లో అందరికీ కొనమన్నాను, ఇప్పుడు అనను. ఇంటి ముందు పెద్ద ఖాళీ స్థలం ఉన్నవాళ్ళకి పర్వాలేదేమో, మాలాంటి ఇరుకు సందుకి మాత్రం వద్దు. అమ్మ ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ ఉంచుతాను, ఆవిడ వైజాగ్ వచ్చేస్తే పీకేస్తాను, ఇంకొకరికి అమ్మను కూడా.