ఏడాది వాడిన రన్నింగ్ వాచీ: ఆటో పాజ్‌తో నా గొడవ

పోయిన సంక్రాంతికి కొన్న జీపీఎస్ వాచీ ఇది. బ్యాటరీ, తెర, పట్టీ గురించి అందరూ రాసేశారు, నేను రాయను. జూన్‌లో నేనే దీన్ని ఆకాశానికెత్తుతూ ఒక సమీక్ష రాశాను, ముఖ్యంగా ఆటో పాజ్‌ని, అంటే మనం ఆగగానే వాచీ తనంతట తానే సమయం లెక్క ఆపేసే సదుపాయాన్ని. "మనం ఆగితే అదీ ఆగుతుంది, కదిలితే అదీ కదులుతుంది, ఇంతకంటే న్యాయం ఏముంది" అన్నాను. ఆ మాట మొత్తం వెనక్కి తీసుకోను గానీ కొంచెం సర్దుకోవాలి.

మాది నెల్లూరు. లాంగ్ రన్ అంటే నాకు మైపాడు రోడ్డే. నాలుగింటికి బయల్దేరితే ఇందుకూరుపేట దగ్గర తెల్లారుతుంది, రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు గలగలమంటుంటాయి. ఆ రోడ్డు మీద ఆగకుండా పోవడం ఎవరి తరమూ కాదు. మార్చిలో సగం తారు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. ఎండలు ముదిరితే తాటిముంజలు. గేదెలు ఏడాది పొడుగునా. ఒకసారి ఓ పెద్దాయన సైకిలాపి, "ఏం అబ్బయా, బస్సు పోయిందా?" అనడిగాడు. లేదు, ఊరికే పరిగెత్తతా ఉండానని చెప్పి ఒప్పించేసరికి పది నిమిషాలు పట్టింది.

ఇన్నిసార్లు ఆగినా ఇంటికొచ్చి చూస్తే కిలోమీటరుకి 6 నిమిషాల 47 సెకన్లు! జులైలో 32 కిలోమీటర్లు 3 గంటల 37 నిమిషాల్లో కొట్టాను. ఈ లెక్కన మారథాన్ 42.195 కిలోమీటర్లూ ఐదు గంటల్లోపే అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఆగిన ప్రతిసారీ కాళ్లు కూడా సేద తీరుతున్నాయని, ఆ విశ్రాంతి లెక్కలోకి రావట్లేదని తట్టనే లేదు.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. నెల్లూరోడికి ఎత్తు అంటే ఫ్లైఓవరే, అక్కడ వాటికి అంతే లేదు. ముప్పై దాకా బాగానే పోయాను. ముప్పైనాలుగో కిలోమీటర్లో పిక్క పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడ్డాను. వాలంటీరు కుర్రాడు స్ప్రే కొట్టి, "అంకుల్, లేవగలరా?" అన్నాడు. అంకుల్ అన్నందుకే లేచాను. అక్కడి నుంచి నడక, కూర్చోడం, అరటిపండు, ఉప్పు, మళ్లీ నడక. ఎత్తులో నా నడక ఎంత నెమ్మదంటే వాచీ నేను ఆగాననుకుని తనూ ఆగేది. నాకు తెలుస్తూనే ఉంది. కానీ మణికట్టు మీద అంకె ఇంకా నాలుగు గంటల్లోనే ఉంటే ఎవరికి చేదు?

ముగింపు గీత దాటి చూసుకుంటే 4:58. పైన పెద్ద గడియారం 5:35 చూపిస్తోంది. ఆ గడియారం పందెంతో పాటే మొదలవుతుంది, మేం గుంపు వెనకాల నుంచి మొదలుపెట్టాం గదా, ఆ తేడా అయ్యుంటుందనుకున్నా. అప్పటికి కూడికలు, తీసివేతలు చేసే బుర్ర మిగల్లేదు. మా ఇంటి గ్రూపులో ఫోటో పెట్టేశాను, "ఐదు గంటల్లోపు" అని. బావమరిది అభినందనలు, అత్తయ్య దండాలు అన్నీ వచ్చాక ఫోన్‌లో అసలు సమయం దిగింది: 5 గంటల 31 నిమిషాలు. ఛాతీకి కట్టుకున్న నంబరు వెనక, పందెంలో సమయం కొలిచే చిప్పుకి ఆటో పాజ్ ఉండదు. మా ఆవిడైతే, "ఆగినప్పుడల్లా లెక్క ఆపేస్తే మన పల్లెవెలుగు కూడా గంటలో మద్రాసు పోద్ది" అంది. వాచీ గురించి ఇంతకంటే మంచి సమీక్ష నేను చదవలేదు.

దూరంలో కూడా నాలుగొందల మీటర్లు ఎక్కువ చూపించింది గానీ, దాన్ని తప్పు పట్టను. మారథాన్ దారిని మలుపుల్లో అతి దగ్గరి గీత వెంబడి కొలుస్తారు, మనం జనంలో అటూ ఇటూ పోతాం.

సెప్టెంబర్లో ఆటో పాజ్ తీసేశాను. ఇప్పుడు కిలోమీటరు ఎనిమిది నిమిషాల పైమాటే, చూస్తే సిగ్గేస్తుంది. స్టేడియంలో గుండ్రంగా తిరిగేవాళ్లకి ఇదంతా సమస్యే కాదు. సిగ్నళ్ల మధ్య పరిగెత్తేవాళ్లకి అది ఉండటమే మేలేమో. నాలాగా మైపాడు రోడ్డు మీద ప్రాక్టీసు చేసి పందేనికి పోయేవాళ్లు మాత్రం పోయే ముందు రెండు నెలలైనా తీసేసి చూడండి. వాచీ మార్చే ఉద్దేశం నాకైతే లేదు, వాయిదాలు ఇంకా నాలుగున్నాయి.

నిన్న యాప్ ఏడాది లెక్క పంపింది: 1,412 కిలోమీటర్లు, పరుగు 168 గంటలు. లోపలికెళ్లి వెతికితే బయల్దేరినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా గడిచిన సమయం కూడా దొరికింది, 203 గంటలు. ముంజలూ, గేదెలూ, సైకిలు పెద్దాయనా, పిక్క పట్టుకుని కూర్చున్న ఫ్లైఓవరూ అన్నీ ఆ ముప్పై అయిదు గంటల్లో ఉన్నాయి. పరిగెత్తిన 168లో నాకు గుర్తున్నవి ఒక పదేమో.

అన్నట్టు ఆ 1,412లో చిన్న దొంగలెక్క ఉంది. మొన్న ఆదివారం మైపాడు దాకా పరిగెత్తి, చాలాసేపు సముద్రం చూస్తూ కూర్చుని, వాచీ ఆపడం మర్చిపోయి బస్సెక్కాను. ఆటో పాజ్ లేదు కాబట్టి ఇసకలో కూర్చున్నదీ లెక్కేసింది, నేను ఆపలేదు కాబట్టి బస్సులో వచ్చిందీ లెక్కేసింది. దిగేసరికి "మీ జీవితంలోనే వేగవంతమైన పది కిలోమీటర్లు" అని టపాసులు కాల్చింది. ఇంకా చెరపలేదు.