జూడో, జియు-జిత్సు: రెండూ ఏళ్ల తరబడి సాధన చేశాక

మొదట విసిరి పడేయడం ప్రధానమైన జూడో, తర్వాత నేలమీద పట్లతో లొంగదీసే బ్రెజిలియన్ జియు-జిత్సు, ఇప్పుడు వారంలో రెండూ. హైదరాబాద్‌లో కొత్తగా చేరేవాళ్లు ఏది గొప్పదని అడుగుతుంటారు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే: వీటిని వేరుచేసేవి పోటీ నియమాలు. నేలమీద ఎంతసేపు పోరాడనిస్తారన్న దాన్నిబట్టే సాధన మారిపోతుంది.

మూలం మాత్రం ఒకటే. జూడోను రూపొందించిన జిగోరో కానో 1882లో టోక్యోలో కోడోకాన్ అనే శిక్షణశాల స్థాపించారు. అక్కడ నేర్చుకున్న మిత్సుయో మాయెదా 1914లో బ్రెజిల్ చేరి, తర్వాత కార్లోస్ గ్రేసీకి ఆ విద్య నేర్పారు. ఆ గ్రేసీ కుటుంబం చేతుల్లోనే అది బ్రెజిలియన్ జియు-జిత్సు అయింది. 1951లో జూడో యోధుడు మసహికో కిమురా కార్లోస్ తమ్ముడు ఎలియో గ్రేసీని ఏ చేతి పట్టుతో ఓడించారో, దాన్ని జియు-జిత్సు వాళ్లు ఇప్పటికీ కిమురా అనే పిలుస్తారు. గెలిచినవాడి పేరును ఓడినవారి పరంపరే నిలబెట్టడం నాకు ఎంతో నచ్చుతుంది.

తేడా తెలియాలంటే బోర్లా పడుకున్న మనిషిని చూడండి. జూడోలో విసురు తప్పించుకుని పొట్టమీద ముడుచుకుంటే సగం గండం గడిచినట్టే. ప్రత్యర్థి దాడి ముందుకు సాగకపోతే రెఫరీ కాసేపటికే ‘మత్తే’ (ఆగండి) అని లేపేస్తాడు. జియు-జిత్సులో ఆ రక్షణ లేదు. వెనకనుంచి తన రెండు పాదాలనూ ప్రత్యర్థి తొడల లోపలికి కొక్కేల్లా వేసి వీపెక్కినవాడికి నాలుగు పాయింట్లు, ఆపైన మెడ పట్టు. జూడో నుంచి వచ్చిన ప్రతివాడినీ ఈ అలవాటే ముందుగా దెబ్బతీస్తుంది. పాతబస్తీ తాలీంలలో కుస్తీ పట్టినవాళ్లకు చిక్కు ఇంకోలా ఉంటుంది. వీపు నేలకు తగలడమే ఓటమని ఒళ్లంతా నమ్మి ఉంటుంది కాబట్టి, వెల్లకిలా పడుకుని కాళ్లతో పోరాడే గార్డ్‌కు మనసొప్పదు.

జూడో తరగతిలో ముందు పడటం నేర్పుతారు. తర్వాత ఉచికోమి: విసరకుండా, ఒకే విసురులోకి ప్రవేశాన్ని పదే పదే చేయడం. విసుగు పుట్టేంత సాధన, కానీ ఉచిమాటా (తొడ లోపలినుంచి కాలెత్తి విసరడం) ఒంటికి పట్టేది అక్కడే. జియు-జిత్సులో రెండు మూడు పట్లు చూపించి, జంటగా చేయించి, నేరుగా పోరాటంలోకి దింపుతారు. నొప్పి రాకముందే ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టి ఆపేయొచ్చు కనుక నిండు బలంతో రోజూ తలపడవచ్చు. నలభై దాటినవాళ్లు అక్కడ కొనసాగడానికి ఇదే కారణమని నా నమ్మకం. నిలువెత్తు విసుర్లను రోజూ తట్టుకోవడం ఆ వయసులో కష్టం.

ఆధునిక జియు-జిత్సుపై నా అసంతృప్తి ఒకటుంది. ప్రత్యర్థి కాలిని బయటినుంచి కాలితో చుట్టే డె లా రివా గార్డ్, అక్కడినుంచి దొర్లి వీపెక్కే బెరింబోలో వంటివి అద్భుతమైన ఆవిష్కరణలే. అయితే చాలాచోట్ల స్థలం చాలక పోరాటం మోకాళ్లమీదే మొదలవుతుంది. నిలబడి ఒక్కరినీ పడగొట్టకుండానే బెల్టు రంగు మారిపోతుంది. జూడో కూడా కొంత కోల్పోయింది. 2010 నుంచి కాళ్లను నేరుగా పట్టుకోవడంపై ఆంక్షలు వచ్చాయి. 2013లో అవి మరింత బిగిశాయి. ఫలితంగా నిటారుగా నిలబడే జూడో ఆటగాడు, కుస్తీ తెలిసినవాడి సింగిల్ లెగ్‌కు (ఒక కాలు పట్టి పడగొట్టడానికి) తేలిగ్గా దొరికిపోతాడు. కానీ ప్రత్యర్థిని ఇరవై సెకన్లు కదలకుండా అదిమితే జూడోలో గెలుపే. ఆ అదిమే బరువు జియు-జిత్సులో నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది.

మడమ పట్టి కాలు మెలిపెట్టే హీల్ హుక్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. మడమ తిప్పితే నొప్పికన్నా ముందు మోకాలి లిగమెంట్ తెగిపోవచ్చు. జూడో మోచేతి కీలును తప్ప ఏ కీలునూ వంచనివ్వదు. జియు-జిత్సు పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ సైతం 2021లో గి (సాధన దుస్తులు) లేని పోటీల్లో, బ్రౌన్, బ్లాక్ బెల్టు పెద్దలకే దీన్ని అనుమతించింది. కొత్తవాళ్లకు మొదటి నెలలోనే ఇది నేర్పేచోట చేరకండి.

చేరేముందు మ్యాట్ మీద మోకాలు ఆనించి చూడండి. సిమెంటు నేల గట్టిదనం తగిలితే అక్కడ జూడో వద్దు, జియు-జిత్సు వరకు ఫరవాలేదు. గి రెండు జతలు ఉండాలి, వానాకాలంలో ఒకటి ఆరదు. పిల్లలకైతే జూడోతోనే మొదలుపెట్టించండి. ముప్పై దాటాక మొదలుపెట్టేవారు జియు-జిత్సులో చేరి, వారానికి ఒక పూట జూడో శిక్షకుడి దగ్గర పడటం, ఒసోటో గారి (ప్రత్యర్థి కాలిని వెనకనుంచి ఊడ్చి పడగొట్టే విసురు), ఈ రెండూ నేర్చుకుంటే చాలు.