అమెరికా నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే: ఆన్‌లైన్ నోటరీయా, అపోస్టిలా, కాన్సులేటా?

మా బావ డల్లాస్‌లో ఉంటాడు. ఇక్కడి స్థలం అమ్మిపెట్టమని నా పేరున జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) రాశాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అరగంటలో నోటరీ చేయించి పీడీఎఫ్ పంపాడు. ప్రింటు తీసి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పట్టుకెళ్లాను. గుమాస్తా కాగితం వెనక్కి తిప్పి, ముద్ర ఉన్నచోట బొటనవేలితో తడిమి, "ఒరిజినల్ ఏదండీ?" అన్నాడు. చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

అలాగని ఆన్‌లైన్ నోటరీ ఉత్తదే అనుకోవద్దు. వర్జీనియాలో 2012 నుంచే చట్టబద్ధం, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. వీడియో కాల్‌లో నోటరీ ఐడీ చూస్తారు, మన పాత అడ్రసులు, అప్పుల మీద ప్రశ్నలు వస్తాయి, అంతా రికార్డవుతుంది. వర్జీనియాలో నోటరీ రుసుము 25 డాలర్లకు మించకూడదు. కొత్తగా వెళ్లినవాళ్లకు క్రెడిట్ హిస్టరీ లేక ఆ ప్రశ్నల దగ్గరే ఆగిపోవచ్చు. అమెరికాలోనే వాడుకునే అఫిడవిట్‌కైతే నేనూ ఇదే చేయించుకోమంటాను.

మన భూమి కాగితానికి మాత్రం వద్దు. ఎలక్ట్రానిక్ కాగితాలకు, సంతకాలకు చెల్లుబాటునిచ్చే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 2000 పవర్ ఆఫ్ అటార్నీని తన పరిధిలోంచి తప్పించింది. 2022లో సడలించినా, అది రిజర్వ్ బ్యాంకు, సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) లాంటివాటి అజమాయిషీలో ఉన్న సంస్థలకిచ్చే పవర్లకే. బావమరిదికిచ్చే పవర్‌కు వర్తించదు. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, విదేశంలో రాసిన పవర్ మీద నోటరీ, కోర్టు లేదా భారత కాన్సల్ ఎదుట సంతకం పెట్టాలి, వాళ్లు ధ్రువీకరించాలి.

కాబట్టి మిగిలినవి రెండు. ఒకటి, ఊళ్లో నోటరీ ముందు సిరాతో సంతకం పెట్టి, టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్ (ఆ నోటరీ ముద్ర అసలైనదేనని విదేశాల కోసం ఇచ్చే ధ్రువపత్రం) వేయించడం. 2005 నుంచి మన దేశమూ అపోస్టిల్‌ను గుర్తించే అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది, కాబట్టి చెల్లుతుంది. రెండోది హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్. నా ఓటు దీనికే. కాన్సల్ పేరు సెక్షన్‌లోనే ఉంది, పైగా కొనేవాళ్ల లాయరుకు ఆ ముద్ర చూస్తే వేరే వివరణ అక్కర్లేదు. బావ రెండోసారి అలాగే చేయించి, అసలు కాగితం కొరియర్‌లో పంపాడు.

అది వచ్చిన కవరు పారేయకండి. స్టాంపు చట్టం 18వ సెక్షన్ ప్రకారం, కాగితం ఇండియాలో అందిన రోజు నుంచి మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. ఎప్పుడు అందిందో చూపించడానికి కవరు మీది తేదీ పనికొస్తుంది. నేను దాన్ని జీపీఏతో పాటే పిన్ను కొట్టి తీసుకెళ్లాను.