బండికి ఫాగ్ లైట్లు, చార్జర్: నేరుగా బ్యాటరీకా, తాళం లైనుకా, రిలేకా? ఏది మేలు?

మోటార్‌సైకిలుకు ఫాగ్ లైట్లో ఫోను చార్జరో పెట్టించేటప్పుడు ఏ రకం కావాలో గంటసేపు బేరమాడి ఎంచుకుంటాం కానీ, దానికి కరెంటు ఎక్కడి నుంచి తీయాలన్నది మెకానిక్కు వదిలేస్తాం. బ్యాటరీ నుంచి నేరుగా లైను లాగడం, తాళం తిప్పితే కరెంటు వచ్చే కంపెనీ వైరు మీద జాయింటు వేయడం, మధ్యలో రిలే (చిన్న కరెంటు అందితే పెద్ద కరెంటు దారిని తెరిచే స్విచ్చు) పెట్టడం అని ఇందుకు మూడు దారులున్నాయి.

నేరుగా బ్యాటరీకి కలపడం అన్నిటికంటే తేలిక, కంపెనీ వైరింగును ముట్టుకోనక్కర లేదు. చిక్కల్లా తాళం తీసేసినా ఆ లైనులో కరెంటు ఉండడమే. నా చార్జరును మొదట ఇలాగే పెట్టించాను. ఫోను తగిలించకపోయినా లోపలి సర్క్యూటు, చిన్న నీలం దీపం కలిసి 20 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయని తర్వాత మల్టీమీటరు పెట్టి చూస్తే తెలిసింది. అంటే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్. సంక్రాంతికి ఊరెళ్లి 12 రోజుల తర్వాత వచ్చేసరికి 8 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగానికి పైగా హరించుకుపోయింది. కిక్కు లేని బండి కావడంతో అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో తోయించుకోవలసి వచ్చింది. అయినా ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయలేం. ఎనిమిది, పది ఆంపియర్లు లాగే టైరు పంపును ఎప్పుడో ఐదు నిమిషాలు వాడతాం కనుక, దానికి తగిన ఫ్యూజు వేసి, వాడనప్పుడు విడదీసే కప్లరుతో నేరుగా ఇవ్వడమే సరైనది.

హెడ్‌లైటు వైరు మీద జాయింటు వేసే పని మన వీధుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. తాళం తీస్తే అంతా ఆరిపోవడం ఇందులోని సుఖం. అయితే లెక్క చూడండి: 55 వాట్ల హెడ్‌లైటు బల్బు 12 వోల్టుల దగ్గర 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది; దానికి 20 వాట్ల ఫాగ్ లైట్లు రెండు చేరితే ఇంకో 3.3. మొత్తం దాదాపు 8 ఆంపియర్లు కంపెనీవాళ్లు హెడ్‌లైటుకని ఇచ్చిన సన్నని వైరు గుండా, స్విచ్చు లోపలి చిన్న రేకుల మీదుగా పారాలి. పైగా 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లలో ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది కనుక పగలైనా ఆ వైరుకు విశ్రాంతి లేదు. ఫ్యూజు పోతోందని 10 ఆంపియర్ల చోట 20ది వేయించేవారిని చూశాను. ఫ్యూజు కాపాడేది వైరును, లైటును కాదు. పెద్దది వేస్తే ఇక కాలేది వైరే. తొక్క గీసి, మెలిపెట్టి, టేపు చుట్టిన జాయింటు రెండు వానాకాలాలు గడిచేసరికి రాగి పచ్చబడి వేడెక్కడం వేరే తలనొప్పి.

రిలే ఈ రెండింటి గుణాన్నీ కలుపుకుంటుంది. రిలే కాళ్ల (పిన్నుల) మీద అంకెలుంటాయి: 30 అని రాసి ఉన్న కాలుకు ఫ్యూజు మీదుగా బ్యాటరీ, 87కు లైట్లు. 85, 86లలో ఒకటి ఎర్తుకు, రెండోది ఫాగ్ లైటు స్విచ్చు మీదుగా పార్కింగ్ లైటు వైరుకు. ఈ రెండు కాళ్ల మధ్య ఉండి రిలేను ఆన్ చేసే తీగచుట్ట, అంటే కాయిల్, తీసుకునేది సుమారు 0.15 ఆంపియర్ కాబట్టి కంపెనీ స్విచ్చులకు ఏ భారమూ ఉండదు, అసలు బరువు కొత్త వైరే మోస్తుంది. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. దూరంగా పెడితే దానికి ముందున్న వైరు ఫ్రేముకు రాసుకుని షార్టయినప్పుడు అది ఏమీ చేయలేదు. రిలే కొత్తగా కరెంటును పుట్టించదన్నది కూడా గుర్తుంచుకోవాలి. లైట్లన్నీ వేసి, ఇంజనును ఓ మోస్తరు వేగంలో ఉంచి, బ్యాటరీ దగ్గర కొలిస్తే 13 వోల్టులకు దిగువన ఉందంటే, బండి తయారుచేసే దానికన్నా మీరు ఎక్కువ ఖర్చు చేస్తున్నారన్నమాట.

ఫాగ్ లైట్లకూ పెద్ద హారన్లకూ నా ఓటు రిలేకే. చార్జరుకు మాత్రం అది అనవసరం: 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లంటే 10 వాట్లు, బ్యాటరీ వైపు ఒక ఆంపియరుకు కాస్త అటూ ఇటూ. నాది ఇప్పుడు 2 ఆంపియర్ల ఫ్యూజుతో పార్కింగ్ లైటు వైరు మీద, సోల్డరు చేసి స్లీవు తొడిగిన జాయింటుతో నడుస్తోంది. హ్యాండిల్ మెడ దగ్గర మాత్రం వైరును రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, లాగుడు పడకుండా కాస్త వదులు ఉంచి కట్టించాను.