దుబాయ్‌లో క్యూఈ2: మా నాన్నతో ఒక రాత్రి

మాది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం. దుబాయ్‌లో వెల్డర్‌గా చేస్తున్నాను. నలభై ఏళ్లు చేపల వేటకెళ్లిన మా నాన్నని జనవరిలో పిలిపించి, మీనా రషీద్ రేవులో హోటల్‌గా మారిన పాత ఓడ క్వీన్ ఎలిజబెత్ 2 (క్యూఈ2)లో ఒక రాత్రి ఉంచాను.

నాన్న లోపలికి వెళ్లకుండా గట్టు మీదే ఆగిపోయాడు. 963 అడుగుల ఓడ. అణియం, అంటే ఓడ ముందు కొన వైపు చూసి, "ఇది కెరటాన్ని కోసుకెళ్లే ఓడరా. షికారు తిప్పడానికి ఇంత వాడి ఎందుకేటి?" అన్నాడు.

సరిగ్గా పట్టుకున్నాడు. 1969లో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి మొదటిసారి బయలుదేరిన ఓడ ఇది. అప్పటికే జనం విమానాలకి అలవాటు పడిపోయారు. అందుకే అట్లాంటిక్ దాటడానికీ, చలికాలంలో విహారయాత్రలకీ ఒకే ఓడ పనికొచ్చేలా కట్టారు. పనామా కాలువలో పట్టాలని వెడల్పు 105 అడుగులకే ఆపారు. పై అంతస్తులు అల్యూమినియంతో చేశారు. బరువు తగ్గింది, నీళ్లలో 32 అడుగులే మునుగుతుంది. అంతకుముందు ఓడ క్వీన్ మేరీకి 39 అడుగుల లోతు కావాలి. ఉక్కుకి అల్యూమినియం నేరుగా వెల్డింగ్ పట్టదు. ఆ రోజుల్లో ఇంత పెద్ద ఓడలో ఆ రెండింటినీ కలిపినవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

మా గదికి గుండ్రటి చిన్న కిటికీలే. ఇప్పటి క్రూయిజ్ ఓడల్లోలాగా గదిగదికీ బాల్కనీ ఆశించి వెళ్లకండి. పెద్ద కెరటాలని తట్టుకోవాల్సిన ఓడకి పక్కగోడ గట్టిగా ఉండాలి కదా. క్వీన్స్ రూమ్ అనే పెద్ద హాలు మాత్రం తప్పక చూడండి. తెల్లటి స్తంభాలు ఉమ్మెత్త పువ్వుల్లా పైకి విచ్చుకుని ఉంటాయి. పైన పొగగొట్టం మొదట్లో సన్నగా ఉండేది. 1987కల్లా ఆవిరి టర్బైన్లు తీసేసి 9 డీజిల్ ఇంజన్లు పెట్టారు, అప్పుడు దాన్ని లావు చేశారు.

నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్తే డెక్ మీద హాయిగా తిరగొచ్చు. ఎండాకాలం వద్దు. పెద్దవాళ్లని తీసుకెళ్తే సాయంత్రం ఎండ తగ్గాక బయలుదేరండి.

రాత్రి రెండింటికి మెలకువొచ్చి చూస్తే నాన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నిద్ర పట్టలేదా అనడిగాను.

"ఓడ ఊగట్లేదురా" అన్నాడు.